కగావా తెరుయుకి కబుకీ నాటకాలు ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్కారం. 'టోక్యో సొనాటా' (2008) సినిమా చూసినప్పటి నుంచి జపాన్ నటుడు కగావా తెరుయుకి నన్ను వదలడం లేదు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచిపెట్టి, సూటు బూటుతో పార్కులో ఉచిత భోజనం వరుసలో నిలబడతాడే, ఆ ముఖం!

తండ్రి కబుకీ (జపాన్ సంప్రదాయ నాటకం) దిగ్గజం మూడో ఇచికావా ఎన్నోసుకే (అక్కడ రంగస్థల పేర్లు తరతరాలుగా వారసత్వంగా వస్తాయి, అందుకే ఈ 'మూడో'), తల్లి నటి హమా యూకో. తల్లిదండ్రులు విడిపోవడంతో తల్లి దగ్గరే పెరిగాడు. కబుకీలో పసితనం నుంచే సాధన మొదలవుతుంది కదా, ఈయన మాత్రం 2012లో, 46 ఏళ్లకు, తొమ్మిదో ఇచికావా చూషా అనే పేరుతో ఆ రంగస్థలం ఎక్కాడు. కొడుక్కీ అప్పుడే దాంకో అనే రంగస్థల పేరు పెట్టారు.

అంత ఆలస్యంగా ఆ గొంతు, ఆ నడక ఎలా పట్టుబడ్డాయో చూడాలని ఉంది. సబ్‌టైటిల్స్‌తో రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి? ముందు ఏ నాటకం చూడమంటారు? జపాన్‌లో ఉన్న తెలుగువాళ్లెవరైనా చూసుంటే దయచేసి చెప్పండి.