13 అల్యూమినియం పరమాణువుల క్లస్టర్‌ను ఆక్సిజన్ ఎందుకు ముట్టుకోదు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, పెదవాల్తేరు):
సముద్రగాలికి మా ఇంటి అల్యూమినియం కిటికీ చట్రాల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. గాలి తగిలితే చాలు ఆక్సిజన్‌తో కలిసే లోహం ఇది. మరి 13 పరమాణువుల రుణ క్లస్టర్‌ను (రుణావేశమున్న చిన్న పరమాణు గుంపును) ఆక్సిజన్ ఏమీ చేయలేదట, 14ది మాత్రం కలుస్తుందట! కారణం చెప్పరా? వచ్చే వారం సెమినార్.

జవాబు (కెమిస్ట్రీ లెక్చరర్, గాజువాక):
బయటి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టమ్మా. పరమాణువుకి 3 చొప్పున 39, రుణావేశంతో ఇంకొకటి, మొత్తం 40. జెల్లియం నమూనాలో, అంటే క్లస్టర్ మొత్తాన్నీ ఒకే పెద్ద పరమాణువులా చూసే లెక్కలో, 8, 20, 40 దగ్గర ఎలక్ట్రాన్ల కర్పరాలు (పొరలు) నిండుతాయి; నిండితే క్లస్టర్ స్థిరంగా ఉంటుంది. 1984లో అమెరికాలోని బర్కిలీలో వాల్టర్ నైట్ అనే శాస్త్రవేత్త బృందం సోడియం క్లస్టర్లలో చూసింది ఈ అంకెలనే. పైగా ఆక్సిజన్‌ది ట్రిప్లెట్ స్థితి (జత కాని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉంటాయి), స్పిన్ మారితేగానీ చర్య సాగదు. నిండిన కర్పరం పైన శక్తి అంతరం పెద్దది కాబట్టి అది కష్టం.

జవాబు (రీసెర్చ్ స్కాలర్, మద్దిలపాలెం):
సార్ చెప్పింది నిజమే, కానీ నీటి దగ్గర ఆ లెక్క ఒక్కటే చాలదు. 17 పరమాణువుల రుణ క్లస్టర్ నీటిని చీల్చి హైడ్రోజన్ ఇస్తుంది. పక్కపక్కనున్న రెండు పరమాణువుల్లో ఒకటి లూయీ ఆమ్లంగా (ఎలక్ట్రాన్ జతను తీసుకునేదిగా), రెండోది లూయీ క్షారంగా (ఇచ్చేదిగా) పనిచేస్తాయి. అందుకే సెమినార్‌లో క్లస్టర్ ఆకారం బొమ్మ తప్పకుండా చూపించు చెల్లీ.

విద్యార్థిని:
థాంక్యూ అన్నయ్యా. సార్, ఆవేశం లేని 13కి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ, అంటే క్లోరిన్‌లాగానా?

లెక్చరర్:
అవునమ్మా. దాని ఎలక్ట్రాన్ అఫినిటీ (ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి) కూడా క్లోరిన్‌కు దగ్గరగానే ఉంటుంది.