ఉజిలో వంట క్లాసు: చేప లేకుండా మిసో సూప్‌కి రుచి ఎలా తేవాలి?

నమస్కారమండీ. నేను క్యోటో దగ్గర ఉజిలో ఉంటున్నాను. మా ఇంటి ఓనరు బామ్మగారు తన వంటింట్లోనే టూరిస్టులకు జపనీస్ ఇంటి వంట నేర్పి, చివర్లో మాచా (గ్రీన్ టీ పొడి) కలిపి ఇస్తారు. ఆవిడ చెప్పేది ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఒక విడతకు నలుగురే.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఓ కుటుంబం వచ్చింది. వెజ్ అని ముందే రాశారు. బామ్మగారు చేప కూర మానేశారు గానీ, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ నీళ్లలో అలవాటుగా కత్సుఓబుషి పొరలు గుప్పెడు వేసేశారు. అవి ఎండబెట్టిన బొనిటో చేప అని నేను చెప్పేసరికి పెద్దావిడ నోటిదాకా తెచ్చిన గిన్నె కింద పెట్టేశారు. ఆ మొహం ఇంకా కళ్లముందే ఉంది. మన చారుకి పప్పుకట్టు ఎలాగో వీళ్ల వంటకి దాషి అనే ఆ సూప్ నీళ్లు అలాగ. అందులో చేప ఉందన్న ధ్యాసే ఉండదు. ముందే అడగాల్సింది నేనే.

ఇప్పుడు లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు), నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెడుతున్నాం. రుచి బాగుంది. కానీ జైనులు పుట్టగొడుగులు తినరు కదా! కొంబు ఒక్కటే వేస్తే సూప్ చప్పగా తేలిపోతోంది. ఇంకేం వేయొచ్చు? వేయించిన సోయా గింజలు ఎవరైనా వేసి చూశారా?

ఇంకోటి, ముందురోజు రాత్రి క్యాన్సిల్ చేసేవాళ్ల దగ్గర ఎంత పట్టుకోవడం న్యాయం? అప్పటికే కూరగాయలన్నీ కొనేసి ఉంటాం. డబ్బు మాట ఎత్తడానికి బామ్మగారు చాలా మొహమాటపడతారు. ఇలాంటి క్లాసు నడిపేవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.