గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: సెంటినెల్ నోడ్ ఒక్కటి తీస్తే చాలా, గ్రంథులన్నీ తీయించాలా?

తాంబరం కోడలు
మా అత్తగారికి 52 ఏళ్లు. నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చాం. ముఖద్వారం దగ్గర 1.8 సెంటీమీటర్ల గడ్డ, స్టేజ్ 1బి1 అన్నారు. గర్భసంచి తీయడంలో అందరిదీ ఒకటే మాట, తేడా లింఫ్ గ్రంథుల దగ్గరే వచ్చింది. ఒక డాక్టరుగారు పొత్తికడుపులో రెండువైపులా అన్నీ తీసేస్తామన్నారు. ఇంకొకరు క్యాన్సర్ పాకితే ముందుగా చేరే గ్రంథిని, అంటే సెంటినెల్ నోడ్‌ని, తీసి చూస్తామనీ, అందులో ఏమీ లేకపోతే మిగతావి ముట్టుకోమనీ అన్నారు. మా ఆయన అన్నీ తీయించేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పెరంబూర్ అన్నయ్య
మీ ఆయన మాటే నాదీ చెల్లెమ్మా. గ్రంథిలో క్యాన్సర్ కనబడితే 2018 నుంచి దాన్ని 3సి స్టేజ్‌గా లెక్కేస్తున్నారు, వైద్యమే మారిపోతుంది. అంత ముఖ్యమైన విషయాన్ని ఒకటి రెండు గ్రంథుల మీద వదిలేస్తామా? ఒకసారి కడుపు కోశాక పని పూర్తిగా అయిపోవాలి.

వేళచ్చేరి
మా అమ్మకు అన్నీ తీశారు. ప్రాణం దక్కింది, ఆ డాక్టర్లకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ గ్రంథులు లేక నీరు నిలిచిపోయి ఏడాది తిరిగేసరికి ఎడమ కాలు వాచింది, ఇప్పటికీ తగ్గలేదు. పట్టీ పట్టదు, చెప్పులు రెండు సైజుల్లో కొంటాం. ఈ మే నెల ఎండలో తొడ దాకా బిగుతు మేజోడు వేసుకుని వంట చేస్తుంది. దోమ కుట్టినచోట గోక్కుంటే చాలు, కాలు ఎర్రబడి చలిజ్వరం. అన్నయ్యగారూ, కడుపు కోశాక పని అక్కడితో అయిపోదండీ.

అన్నానగర్, పాథాలజీ ల్యాబ్
తీసినవన్నీ చివరికి మా బల్ల మీదికే వస్తాయి కాబట్టి చెబుతున్నాను. ఇరవై, ముప్పై గ్రంథులు వస్తే ఒక్కోదాన్నీ మామూలుగా ఒకటి రెండు చోట్ల కోసి చూస్తాం. సెంటినెల్ నోడ్ అని విడిగా పంపితే, పద్ధతి ప్రకారం చేసే ల్యాబ్‌లో దాన్ని పలచటి పొరలుగా కోసి, ప్రత్యేక రంగులు వేసి, 0.2 మిల్లీమీటర్ల మచ్చ కోసం కూడా వెతుకుతారు. అంటే తీసేది తక్కువ, చూసేది ఎక్కువ.

2011లో ఫ్రాన్స్ వాళ్లు వెలువరించిన సెంటికోల్ అధ్యయనంలో 139 మంది ఉన్నారు. గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్న 25 మందిలో 23 మందిని సెంటినెల్ నోడే పట్టించింది, ఇద్దరిలో తప్పింది. కానీ రెండువైపులా నోడ్ దొరికిన 104 మందిలో ఒక్కటి కూడా తప్పలేదు. అసలు విషయం ఈ 'రెండువైపులా' అన్నదే. ఒకవైపు దొరక్కపోతే ఆ వైపు గ్రంథులన్నీ తీయాల్సిందే. గడ్డ 2 సెంటీమీటర్లలోపు ఉంటే దొరికే అవకాశం బాగుంటుంది, మీ అత్తగారిది ఆ లోపే ఉంది.

పెరంబూర్ అన్నయ్య
పలచటి పొరల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ అన్ని ఆసుపత్రుల్లోనూ అలా చేస్తారా? పేరుకి సెంటినెల్ అని తీసి, ల్యాబ్‌లో మామూలుగా చూసి పంపేస్తే మోసపోయేది పేషెంటే కదా.

అన్నానగర్, పాథాలజీ ల్యాబ్
ఆ భయం న్యాయమైనదే. అలా అయితే మీరన్నట్టు అన్నీ తీయించడమే మేలు. అమ్మా, డాక్టరుగారిని మూడు అడగండి. ఐసీజీ అనే పచ్చరంగు మందు ముఖద్వారంలోకి ఎక్కించి, దాన్ని చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో వెతుకుతారా? ఒకవైపు దొరక్కపోతే ఏం చేస్తారు? నోడ్‌ని పొరలుగా కోసి చూసే ల్యాబ్ ఏది? ఇంకొకటి. ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే గ్రంథిని గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ పరీక్షకు చిన్న మచ్చలు దొరక్కపోవచ్చు. అప్పుడు లేదని చెప్పి, పూర్తి రిపోర్టులో ఉందని వస్తే రేడియేషన్ అవసరమవుతుంది. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

తాంబరం కోడలు
గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. మూడూ కాగితం మీద రాసుకున్నాను. వేళచ్చేరి వారి మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వెళ్లి, అమ్మా నీకేం చేయిస్తే బాగుంటుందని ఆవిడనే అడిగారు. ఇన్నాళ్లూ ఆ మాట మాలో ఒక్కరం కూడా అడగలేదు.