రాద్నోతి కవిత తెలుగు చేస్తున్నాను, ఒక్క మాట దగ్గర ఆగిపోయాను

హంగేరియన్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి సాయం చేయండి.

హంగేరీ కవి మిక్లోష్ రాద్నోతి (1909–1944) కవితలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. హంగేరియన్లకూ మనలాగే ఇంటిపేరు ముందు, కాబట్టి అక్కడ ఆయన రాద్నోతి మిక్లోష్. ప్రాచీన రోమన్ కవి వర్జిల్‌నీ, ఫ్రెంచి కవులనూ హంగేరియన్‌లోకి అనువదించిన మనిషి. యూదుడని సెర్బియాలోని బోర్ గనుల దగ్గర వెట్టిచాకిరీకి పంపారు. 1944 నవంబరులో హంగేరీలోని అబ్దా ఊరి దగ్గర కాల్చి చంపారు. 1946లో సామూహిక సమాధి తవ్వితే ఆయన కోటు జేబులో చిన్న నోట్‌బుక్ దొరికింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అందులో ఏడవ ఎక్లోగ్ (వర్జిల్ పద్ధతిలో రాసిన గోపగీతం లాంటి కవిత) ఉంది. ముళ్లకంచె మధ్య, చీకట్లో, వరుస కింద వరుస తడుముకుంటూ, అక్షరాలపై గుర్తులు పెట్టకుండా రాస్తున్నానని అంటాడు. ఆ గుర్తులు ఎక్కువగా దీర్ఘాలను చూపేవే కదా. 'దీర్ఘాలు లేకుండా' అని రాస్తే మన పాఠకుడికి వెంటనే అందుతుంది. కానీ మూలంలోని మాట బరువు మారిపోతుందేమోనని టెన్షన్. 'ఒత్తులు' అంటే మనకు వేరే అర్థం వస్తుంది.

ఇంకొకటి. ఈ కవిత వర్జిల్ వాడిన హెక్సామీటర్‌లోనే, అంటే పాదానికి ఆరు గణాలుండే ఛందస్సులోనే నడుస్తుంది. వచనకవితగా చేస్తే ఆ క్రమశిక్షణ పోతుంది. ఛందస్సు తెలిసిన పెద్దలు చెప్పండి, ద్విపద సరిపోతుందా, లేక మాత్రాఛందస్సు మేలా? మూలాన్ని పైకి చదివి ఆ నడక వినిపించగలిగేవారుంటే ఇంకా సంతోషం.