‘తలరాత’ అనే మాట ఇక్కడ సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారమండీ. విశాఖలో నర్సింగ్ విద్యార్థుల కోసం ఒక గోడపత్రిక తయారు చేస్తున్నాం. ఆత్మహత్య ఆలోచనలకూ మెదడు కణాల్లో కనిపించే ఎపిజెనెటిక్ మార్పులకూ (అంటే జన్యువు మారకుండానే దాని పనిని పెంచే, తగ్గించే గుర్తులకూ) ఉన్న సంబంధం మీద అందులో ఒక పేరా నాది. శీర్షిక ‘మెదడులో రాసి ఉన్న తలరాత’ అని పెట్టాను. తల అంటే మెదడు, రాత అంటే జన్యువు, రెండూ కలిసొచ్చాయనిపించింది. ఉంచవచ్చా?

జవాబు:
అమ్మా, మాట వినడానికి బాగుంది. కానీ దయచేసి ఆ శీర్షిక తీసేయండి.

మన వైపు ఇలాంటి చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లినవాళ్లు ముందుగా అనేది ‘ఆడి రాత అలగుంది, ఏటి సేత్తాం’ అనే. ఓదార్పుగానే అంటారు, ఆ తల్లికి ఆ పూటకి కాస్త ఊరట కూడా. కానీ ఆ మాట పక్కనే కూర్చున్న తమ్ముడి చెవిన కూడా పడుతుంది. అన్నకి రాసిపెట్టి ఉంటే, తనదీ అదే రక్తం కదా! ‘తలరాత’లో రెండు అర్థాలు ముడిపడి ఉన్నాయి: పుట్టకముందే రాసింది, ఎవరూ చెరపలేనిది. ఎపిజెనెటిక్స్ చెప్పేది ఈ రెండింటికీ ఎదురు.

2009లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు చనిపోయినవాళ్ల మెదళ్లను, ముఖ్యంగా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని పరీక్షించారు. మొత్తం 36 మెదళ్లు, పన్నెండేసి చొప్పున మూడు గుంపులు: చిన్నప్పుడు హింసకు గురై ఆత్మహత్య చేసుకున్నవాళ్లు, అలాంటి బాల్యం లేకుండా ఆత్మహత్య చేసుకున్నవాళ్లు, వేరే కారణాలతో పోయినవాళ్లు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను పట్టుకునే రిసెప్టర్‌ను తయారు చేసే జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువుకు అంటుకునే చిన్న రసాయన గుర్తులు) మొదటి గుంపులోనే ఎక్కువ కనిపించాయి. రెండో గుంపులో ఆ తేడా లేదు. మీ పేరాలో ఈ సంగతి తప్పకుండా ఉండాలి. అక్కడ కనిపించింది చావు గుర్తు కాదు, చిన్ననాటి దెబ్బ గుర్తు. ఆ రిసెప్టర్లు తగ్గితే ఒత్తిడి హార్మోన్‌కు కళ్లెం వదులవుతుంది. టెన్షన్ మొదలైతే తొందరగా దిగదు.

మీకు పోలికే కావాలంటే రాతలో కాకుండా మన లిపిలో వెతకండి. ‘క’కి తలకట్టు తీసి పొల్లు పెడితే ‘క్’ అవుతుంది. అక్షరం అదే, ఎక్కడికీ పోలేదు, పైన గుర్తు మారింది, గొంతు తగ్గింది. జన్యువు మీద మిథైల్ చేరితే జరిగేది సుమారుగా ఇదే. సుమారుగా అని ఎందుకంటున్నానంటే, పొల్లు పెడితే అచ్చు పూర్తిగా పోతుంది, ఇక్కడ చాలాసార్లు జన్యువు పని తగ్గుతుందంతే.

ఇక చెరపలేనిది అనే అర్థం సంగతి. అదే యూనివర్సిటీలో 2004లో ఎలుకల మీద చేసిన పని చూడండి. తల్లి సరిగా నాకి సాకని పిల్లల్లో ఇదే జన్యువు మీద మిథైల్ ఎక్కువ. పుట్టగానే వాటిని బాగా సాకే తల్లి దగ్గర పెడితే ఆ తేడా పోయింది. పెద్దయ్యాక కూడా ఒక మందుతో గుర్తులు మార్చగలిగారు. ఎలుకల్లో జరిగింది మనుషుల్లోనూ జరుగుతుందని మాత్రం రాయొద్దు. అలాగే 36 మెదళ్లు చిన్న సంఖ్య, అదీ మరణం తర్వాతి పరీక్ష. కాబట్టి ‘కారణం’ అనకుండా ‘సంబంధం’ అనండి.

ఇంకో సభ్యుడు:
మాస్టారూ, ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని పేపర్లలో రోజూ చూస్తాం. అది ఉండొచ్చా?

జవాబు:
వద్దు బాబూ. దోపిడీకి పాల్పడతారు, దౌర్జన్యానికి పాల్పడతారు. ఆ క్రియ తప్పు చేసినవాడికే వాడతాం. ఐపీసీ 309 ఉన్న రోజుల్లో ప్రయత్నం కూడా నేరమే కాబట్టి ఆ మాట అలా అలవాటైపోయిందేమో అని నా అనుమానం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్‌లో, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షన్ లేదు, ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడాలని చేసే ప్రయత్నమే నేరంగా మిగిలింది. చట్టం మారింది, మన క్రియ మారలేదు. ‘ఆత్మహత్య చేసుకున్నారు’ అంటే చాలు.

అమ్మా, శీర్షికగా ‘చిన్ననాటి దెబ్బ మెదడు కణాల్లో ఎలా మిగులుతుంది?’ అని పెట్టి చూడండి. కింద ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. రాత్రీ పగలూ ఉంటుంది, ఫోన్ చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు కూడా ఇవ్వండి, పూర్తి పేరుతో. ‘పిచ్చాసుపత్రి’ అని రాస్తే గుమ్మం దాకా రాగలిగినవాడు కూడా వెనక్కి తిరుగుతాడు.