క్యాన్సర్ వార్డులో ఇంటర్వ్యూలు: మాలాంటి కొత్తవాళ్లకు ఎవరు నేర్పిస్తారు?

కొత్త స్కాలర్:
సైకాలజీ పీహెచ్‌డీలో చేరి ఎనిమిది నెలలైంది. క్యాన్సర్ పేషెంట్లలో డిప్రెషన్, ఇంట్లోవాళ్ల అండ అనేది నా టాపిక్. హైదరాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో డేటా తీసుకుంటున్నా, పేరు వద్దులెండి. గైడ్ గారు మంచివారే, స్టాటిస్టిక్స్ బాగా చెప్తారు, కానీ ఆయన ఎప్పుడూ వార్డులో కూర్చోలేదు. నాకు దొరికిన ట్రైనింగ్ అంతా ఒక క్వశ్చనేర్, ఒక కన్సెంట్ ఫారం, "నెలకు ముప్పై శాంపిల్స్ రావాలమ్మా" అన్న మాట.

పోయిన మంగళవారం కీమో డేకేర్ బయట బెంచీ మీద ఒక పెద్దాయన, నల్గొండ వైపు, పక్కన కొడుకు. ఫారం చదివి వినిపించడం మొదలుపెట్టా. హెడ్డింగే "క్యాన్సర్ రోగుల మానసిక స్థితి" అని ఉంది, అదీ చదివేశా. పెద్దాయన కొడుకు వైపు తిరిగి "క్యాన్సరా? గొంతుల గడ్డ అన్నరు గదరా" అన్నాడు. కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశా, ఆ రాత్రి నిద్ర లేదు.

ఇవన్నీ ఎక్కడైనా నేర్పిస్తారా, లేక అందరూ ఇలా పేషెంట్ల మీదే నేర్చుకుంటున్నారా?

వార్డు అక్క:
చెల్లీ, అందులో నీ తప్పు సగమే, ఆ హెడ్డింగ్ పెట్టి నిన్ను పంపినవాళ్లది మిగతా సగం. నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని, పధ్నాలుగేళ్లుగా ఇదే పని. మా దగ్గరికి వచ్చే స్టూడెంట్లకు మొదటి రెండు వారాలు పెన్నూ కాగితం ఇవ్వం. ఓపీలో ఊరికే కూర్చోమంటాం, ఆరోగ్యశ్రీ కౌంటర్ లైన్లో ఎవరికైనా తోడుగా నిలబడమంటాం, పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు పడుకునే వరండాలో పొద్దున ఆరింటికి ఒక చుట్టు తిరిగి రమ్మంటాం. నువ్వు డిప్రెషన్ అని రాసుకునేది చాలాసార్లు రేపటి బస్సు ఛార్జీ రంది. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మంచిదే, కానీ పోయిన కూలి రోజులకూ వెంట వచ్చిన మనిషి తిండికీ అందులో లెక్క లేదు. ఒకామె పుస్తెలు కుదువపెట్టానని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే రోజు వచ్చిన రీసెర్చ్ అమ్మాయికి మాత్రం "అంతా మంచిగనే ఉంది" అని టిక్ పెట్టించింది. ఆ అమ్మాయి నిలబడే అడిగింది మరి.

జబ్బు పేరు సంగతికొస్తే, ఎవరినైనా ముందు "మీకు ఏమైందని డాక్టర్లు చెప్పారు?" అని అడుగు. గడ్డ అంటే నువ్వూ గడ్డే అను. చెడు వార్త ఎలా చెప్పాలో డాక్టర్లకు నేర్పే ఆరు మెట్ల పద్ధతి ఒకటుంది, స్పైక్స్ అంటారు, 2000లో వచ్చింది. అందులో రెండో మెట్టు ఇదే, చెప్పేముందు అడగడం.

పీజీ డాక్టర్:
గడ్డ అంటే గడ్డే అనమన్న అక్క మాటతో నాకు పేచీ ఉంది. ఏ జబ్బు మీద రీసెర్చో తెలియకుండా వేలిముద్ర వేయిస్తే దాన్ని కన్సెంట్ అంటామా? జబ్బు పేరు తెలిసినవాళ్లనే తీసుకోండి, ఆ సంగతి ముందుగా డ్యూటీ డాక్టర్‌ని అడగండి. చదువు రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, వైద్య పరిశోధనలకు రూల్స్ పెట్టే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

వార్డు అక్క:
డాక్టర్ గారూ, రూల్ ప్రకారం మీరే కరెక్ట్. కానీ అలా ఏరితే ఎక్కువగా చదువుకున్నవాళ్లే మిగులుతారు, థీసిస్‌లో మాత్రం "తెలంగాణ పేషెంట్లు" అని రాస్తారు. ఎవరిని వదిలేశారో, ఎందుకు వదిలేశారో అది కూడా రాయమనండి. ఇంకోటి, దాచడం మన పల్లెటూరి అమాయకత్వం అనుకోవద్దు. 1961లో అమెరికాలో, షికాగో డాక్టర్లను అడిగితే 90 శాతం మంది క్యాన్సర్ అని పేషెంట్‌కు చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్లీ అలాంటి సర్వే చేస్తే 97 శాతం చెప్పడానికే మొగ్గారు.

స్కేళ్ల పిచ్చోడు:
మీ క్వశ్చనేర్ ఏదో చెప్పలేదు. డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 అయితే జాగ్రత్త, అందులో నిద్ర, ఆకలి, నీరసం మీద ప్రశ్నలున్నాయి, కీమోలో ఉన్న మనిషికి అవి ఎలాగూ ఉంటాయి కాబట్టి స్కోర్ ఊరికే పెరుగుతుంది. అందుకే ఆసుపత్రి పేషెంట్ల కోసం 1983లో హాడ్స్ అని బెంగనూ డిప్రెషన్‌నూ కొలిచే 14 ప్రశ్నలది చేశారు, ఇలాంటి ఒంటి లక్షణాలను చాలావరకు పక్కనపెట్టి. కానీ దానికి లైసెన్స్ కావాలి, పైగా అందులో కడుపులో సీతాకోకచిలుకలు అనే ఇంగ్లిష్ మాట ఒకటుంది (భయంతో కడుపులో కలిగే గుబులు అని అర్థం), దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే పేషెంట్ గ్యాస్ మాత్ర అడుగుతాడు.

మేమూ ఒకసారి బోల్తా పడ్డాం. "గత వారంలో ఆందోళన కలిగిందా?" అని అడిగితే సిద్దిపేట పెద్దమనిషి "మా ఊర్ల ఏ ధర్నాలు లేవు సార్" అన్నాడు. పేపర్లో ఆందోళన అంటే అదే కదా! తర్వాత అన్నిచోట్లా రంది, బుగులు అనే తెలంగాణ మాటలకు మార్చాం, అప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చినామె బుగులంటే ఏంటి బాబూ అంది. ఆమెకు బెంగ అనాలి. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లకు ఉర్దూ ఫారమే లేదు, వాళ్లను వదిలేశాం, ఆ సిగ్గు ఇంకా ఉంది. అసలు డేటాకు ముందు పది మందితో ప్రతి ప్రశ్నా చదివించి "మీకు ఏం అర్థమైంది?" అని అడగండి. విసుగు పని, తప్పదు.

మానేసిన రీసెర్చర్:
పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అని. ఎవరైనా అవును అంటే ఆ నిమిషంలో ఎవరికి చెప్పాలో మీకు తెలుసా? నాకు తెలియదు, నేనూ గాభరాపడి తర్వాతి పేజీ తిప్పేశాను. ముందే సైకియాట్రీ వాళ్లతో మాట్లాడి ఒక పేరు, ఒక ఫోన్ నంబర్ రాసిపెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా ఉంది, కానీ నంబర్ చేతిలో పెట్టేసి వెళ్లిపోకండి.

ఫాలోఅప్ కాల్స్ గురించి కూడా ఎవరూ చెప్పరు. మూడు నెలలకు ఫోన్ చేస్తే ఒకాయన భార్య ఎత్తింది. "ఆయన పోయిండు బిడ్డా. ఏమన్న అడిగేదుంటే అడుగు, నేను చెప్త" అంది. ఏం అడుగుతాను? పెట్టేశాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, అక్కడితో ఆ పని వదిలేశాను. వారానికి ఒక గంట మీ మాట వినే మనిషి ఉండాలి. గైడ్ కాకపోతే ఇంకొకరిని వెతుక్కోండి.

కోర్సులంటారా, అంతర్జాతీయ సైకో ఆంకాలజీ (క్యాన్సర్ పేషెంట్ల మానసిక స్థితిని చూసే విభాగం) సొసైటీ లెక్చర్లు ఆన్‌లైన్లో ఉన్నాయి. ఊళ్లోనే కావాలంటే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడి పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే చికిత్స) వాళ్లను అడిగి చూడండి.

కొత్త స్కాలర్:
అందరికీ థాంక్స్. ఫారం హెడ్డింగ్ మార్చడానికి ఎథిక్స్ కమిటీకి లెటర్ పెట్టా, ముప్పై శాంపిల్స్ ఈ నెల కావని గైడ్ గారికీ చెప్పేశా (మొహం చిట్లించారు, సరే అన్నారు). నిన్న ఆ పెద్దాయన మళ్లీ కీమోకి వచ్చాడు. దాక్కుందామనుకున్నా, ఆయనే పిలిచాడు. "బిడ్డా, ఆ దినం కాగితం సగమే సదివినవ్" అన్నాడు. కొడుకు టీ కోసం వెళ్లాడు అప్పుడు. ఇప్పుడు ఏం చేయాలి?

వార్డు అక్క:
ఆయన్ని ఎంతవరకు వినాలనుందో అడుగు. కొడుకుతో విడిగా మాట్లాడు, అది కూడా ఈ వారంలోనే. డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం ఏదీ చేయకు. క్వశ్చనేర్ బ్యాగులోనే ఉండనీ.

కొత్త స్కాలర్:
సరే అక్కా. గురువారం మళ్లీ వస్తారట, పొద్దున్నే వెళ్తా.