కార్తీకం పోయి సంక్రాంతి వచ్చినా ఏఐ నన్ను శాకాహారి అంటోంది. మెమరీ ఎలా సర్దుకుంటున్నారు?

అరిసెలపాకం: కార్తీకమాసంలో ఓసారి "ఈ నెల నీచు తినం, రాత్రికి టిఫిన్ ఏదైనా చెప్పు" అని నేను వాడే ఏఐ అసిస్టెంట్‌ని అడిగాను. ఆ సంగతి నేనూ మర్చిపోయాను. కనుమ నాడు నాటుకోడి పులుసుకి కొలతలు అడిగితే "మీరు శాకాహారులు కదా" అంటూ పుట్టగొడుగుల పులుసు చెప్పింది! ఇంట్లో ఒకటే నవ్వు. ఆ పాత చాట్ వెతికి డిలీట్ చేశాను. మర్నాడు మళ్ళీ అదే పాట. ఇంకెక్కడ రాసుకుందండీ ఇది?

నైట్‌షిఫ్ట్: చాట్ వేరు, మెమరీ వేరండీ. మీరు వాడేది ఏదో చెప్పలేదు, నాకు బాగా తెలిసింది చాట్‌జీపీటీ. అందులో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, మేనేజ్ మెమరీస్‌కి వెళ్తే మన గురించి రాసుకున్న వాక్యాలు వరసగా కనిపిస్తాయి. వద్దన్నది అక్కడే తీసేయాలి. 2025 ఏప్రిల్ నుంచి ఇంకోటి కలిసింది: జాబితాలో లేకపోయినా పాత చాట్‌ల నుంచి కూడా విషయాలు తీసుకోగలదు, దానికి వేరే స్విచ్. అందుకే ఒక మాట పూర్తిగా పోవాలంటే మెమరీలో వాక్యం, ఆ మాట చెప్పిన చాట్ రెండూ తీసేయాలి. తీసేసిన మెమరీల రికార్డుని 30 రోజుల దాకా తమ దగ్గర ఉంచుకోవచ్చని చాట్‌జీపీటీ వాళ్ళే రాశారు. మీ యాప్‌లోనూ ఇలాంటి జాబితా ఎక్కడో ఉంటుంది, చూడండి.

అరిసెలపాకం: దొరికిందండీ! ముప్పై పైచిలుకు లైన్లున్నాయి. "షుగర్ ఉంది" అట. అది మా మావయ్యగారి రిపోర్టు, అర్థం కాక అడిగాను. "పదో తరగతి చదువుతున్నారు" అట. మావాడు నా ఫోన్‌లో లెక్కలు చేయించుకున్నాడు. మొత్తానికి నేను షుగరున్న, పదో తరగతి చదివే శాకాహారిని.

వలసపక్షి: 😂 "మర్చిపో" అని చాట్‌లో చెప్పి ఊరుకోకండి. ఉద్యోగం మారాక నా పాత కంపెనీ సంగతి మర్చిపో అన్నాను. సరే అంది. తర్వాత జాబితా తెరిస్తే "పాత కంపెనీ ప్రస్తావన ఇష్టపడరు" అని కొత్త లైను, కంపెనీ పేరుతో సహా!

గుంటలలెక్క: అందరూ తీసేయమనే చెప్తున్నారు కానీ నాకైతే మెమరీ బాగా పనికొచ్చింది. మాది వరంగల్ వైపు. భూమి లెక్క అడిగినప్పుడల్లా సెంట్లలో చెప్పేది, మా నాయినకు సెంట్లు ఎక్కవు. "ఎకరానికి 40 గుంటలు, ఎప్పుడూ గుంటల్లోనే చెప్పు" అని నేనే రాయించాను. అప్పటి నుంచి ఆ బాధ లేదు. మొత్తం ఆఫ్ చేస్తే ఇలాంటివీ పోతాయి. నెలకోసారి తెరిచి చూసుకుంటే చాలు.

నైట్‌షిఫ్ట్: అవును, ఆఫ్ చేయడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టే. మావయ్యగారి రిపోర్టుల్లాంటివి మాత్రం టెంపరరీ చాట్‌లో అడగండి. చాట్‌జీపీటీలోనూ గూగుల్ వాళ్ళ జెమినీలోనూ ఉంది, అక్కడ అడిగింది మెమరీలోకి పోదు. అయితే కాపీ కొన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉంటుంది. చాట్‌జీపీటీ 30 రోజుల దాకా, జెమినీ 72 గంటల దాకా. ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు అక్కడ కూడా వద్దు. మీవాడికి వేరే అకౌంట్ పెట్టండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

అరిసెలపాకం: నిన్న రాత్రి కూర్చుని ఒక్కో లైనూ చదివి చాలావరకు తీసేశాను. షుగర్ లైను మాత్రం తీయలేదు, "షుగర్ మావయ్యగారికి, నాకు కాదు" అని మార్పించాను, ఆయన భోజనం గురించి రోజూ అడుగుతుంటాను కాబట్టి. ఇవాళ రొయ్యల ఇగురు అడిగితే బుద్ధిగా రొయ్యలే చెప్పింది. అరకిలోకి కారం మాత్రం అర చెంచా అంది. పదో తరగతి లైను ఇంకా ఎక్కడో ఉన్నట్టుంది, మళ్ళీ వెతకాలి.